బి.సి.ఎ.

బ్యాచిలర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్ అను పట్టమునకు బి.సి.ఎ. సంక్షిప్త నామము. భారతదేశ విశ్వవిద్యాలయములలో ఇది సాధారణముగా ఇంటర్మీడియట్ పిదప 3 సంవత్సరముల కోర్సు. ప్రోగ్రామింగు, డేటాబేసులు, నెట్‌వర్కులు ఇందలి ప్రధాన పాఠ్యాంశములు. తెలుగు రాష్ట్రములలో కన్వీనరు కోటా బి.టెక్. కంప్యూటర్ సైన్సు సీటుకు ఇ.ఎ.పి.సెట్ వ్రాయవలెను. బి.సి.ఎ.లో పలు కళాశాలలు కామర్సు విద్యార్థులను సైతము చేర్చుకొనును.

పై చదువైన ఎం.సి.ఎ. పూర్వము 3 సంవత్సరములు. 2020-21 నుండి 2 సంవత్సరములే. అయితే ఎన్.ఐ.టి.లలో ఎం.సి.ఎ. ప్రవేశమునకు జరుగు నిమ్‌సెట్ వ్రాయుటకు డిగ్రీలో గణితముగాని, గణాంకశాస్త్రముగాని చదివి యుండవలెను. ప్రశ్నపత్రములో కూడ గణితమునదే పెద్ద వాటా. కావున కళాశాల భవనముల కన్న ముందు సిలబసు చూచుట మంచిది.

2024-25 నుండి బి.సి.ఎ. అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి పరిధిలోనికి వచ్చినది.