తోడు: ఒక గృహవిద్య చరిత్ర

పెరుగును గూర్చిన శాస్త్రచరిత్రలు తరచు 1905తో మొదలవుతాయి. ఆ యేడు జెనీవాలో బల్గేరియా పరిశోధకుడు స్టామెన్ గ్రిగోరోవ్ పెరుగులోని బాక్టీరియాను గుర్తించాడు. అయితే ఆయన కనుగొన్నది కారణాన్ని. పద్ధతి అంతకు చాలా పూర్వమే ఉన్నది. తైత్తిరీయ సంహిత (2.5.3) యజ్ఞార్థం పాలు తోడుపెట్టడానికి పూతీకం, మోదుగబెరడు, రేగు, బియ్యం, పెరుగు వంటి ద్రవ్యాలను పేర్కొని, వాటిలో పెరుగునే విధించింది.

కాచిన పాలు గోరువెచ్చన కాగానే కాస్త పాత పెరుగు కలిపే తెలుగింటి అలవాటు ఈ కోవలోనిదే. కాచడం వల్ల పాలను చెడగొట్టే సూక్ష్మజీవులు నశిస్తాయి. గోరువెచ్చదనంలో తోడులోని జీవులు వృద్ధి చెందుతాయి. ‘తోడు’, ‘చేమిరి’ అనే పదాలు ఈ అనుభవజ్ఞానానికి భాషాసాక్ష్యాలు. కర్తల పేర్లు నమోదు కాలేదన్న కారణంతో వంటింటి విద్యను శాస్త్రచరిత్రకు వెలుపల ఉంచడం సమంజసం కాదు.