అభయమూ అప్రమత్తతా: పరదేశి యెడల రాజధర్మం

శ్రీమద్రామాయణ యుద్ధకాండలోని విభీషణ శరణాగతి ఘట్టాన్ని మనం భక్తిపరంగానే పారాయణ చేస్తాం. ప్రపత్తి మార్గానికి అది ఆయువుపట్టు కనుక అది సహజమే. అయితే ఆ ఘట్టం ఒక రాజసభ కూడా. యుద్ధం ముంచుకొస్తున్న వేళ శత్రురాజు సోదరుడు నలుగురు అనుచరులతో సాయుధుడై వచ్చి, ఆకాశాన నిలిచి ఆశ్రయం కోరుతున్నాడు. అతనిని లోనికి రానివ్వవచ్చునా? పరదేశీయుల విషయంలో ప్రతి రాజ్యానికీ, ప్రతి యుగంలోనూ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

సుగ్రీవుడు అతడు గూఢచారి అయి ఉంటాడనీ, వధించడమే క్షేమమనీ అన్నాడు. అంగదుడు గుణదోషాలు విచారించమన్నాడు. శరభుడు చారుని పంపి పరీక్షించమన్నాడు. రాకూడని చోటికి, రాకూడని వేళ వచ్చాడు కనుక శంకించవలసిందేనన్నాడు జాంబవంతుడు. మైందుడు మృదువుగా ప్రశ్నించి భావం గ్రహించమన్నాడు. హనుమంతుడు మాత్రం ఆ వచ్చినవాని వాక్కులోనూ ముఖంలోనూ దుష్టత్వం కనబడలేదని, అతడు వచ్చిన దేశకాలాలు యుక్తమైనవేనని నిరూపించాడు. శ్రీరాముడు అందరి మాటలూ విన్నాడు. సుగ్రీవుని శంకను స్నేహధర్మంగానే గ్రహించాడు, నిందించలేదు. ఆ పిమ్మటనే, శరణన్న ప్రాణికి అభయమివ్వడం తన వ్రతమని ప్రకటించాడు.

ఆ తరువాతి కథను మనం అంతగా స్మరించం. రావణుడు పంపిన శుకసారణులు వానరరూపాలు ధరించి సేనలో చొరబడినప్పుడు, వారిని గుర్తించి పట్టి ఇచ్చినవాడు విభీషణుడే. ఎవనిని చారుడని శంకించారో అతడే చారులను పట్టుకున్నాడు. అభయం రాజ్యరక్షణను బలహీనపరచలేదు, దానికొక కొత్త నేత్రాన్ని ప్రసాదించింది.

ఈ ఆదర్శం కావ్యానికే పరిమితమా అంటే, కాదని చరిత్ర చెబుతోంది. కౌటిలీయ అర్థశాస్త్రం పరదేశీయుల విషయంలో ఏమరుపాటును ఎంతమాత్రమూ సహించదు. జనపదంలోనికి రావడానికైనా, వెలుపలికి పోవడానికైనా ముద్రాధ్యక్షుని వద్ద ఒక మాషకం చెల్లించి ముద్ర పొందాలి. కూటముద్రతో పట్టుబడిన స్వదేశీయుని కంటే పరదేశీయునికి దండన అధికం. గృహస్థులు తమ యింటికి వచ్చిన వారిని, వెళ్ళిన వారిని గురించి అధికారులకు నివేదించాలి. అయితే ఆ గ్రంథమే పరదేశ వస్తువులను తెచ్చే నావికులకు, సార్థవాహులకు పన్నుల మినహాయింపులు కల్పించమంటుంది. తుఫానుకు చెదరి వచ్చిన నావను నావధ్యక్షుడు తండ్రివలె ఆదుకోవాలనీ, నీట తడిసి చెడిన సరకుపై సుంకం మాఫీ చేయాలని, లేదా సగమే తీసుకోవాలనీ విధిస్తుంది. ముద్రను పరిశీలించే రాజ్యమే తండ్రివలె ప్రవర్తించాలి. ఈ రెండింటి నడుమ కౌటిల్యునికి వైరుధ్యం కనిపించలేదు.

ఆచరణకు సాక్షి ఒక పరదేశియే కావడం విశేషం. సెల్యూకస్ రాయబారిగా చంద్రగుప్త మౌర్యుని ఆస్థానానికి వచ్చిన మెగస్తనీస్ రచించిన ‘ఇండికా’ నేడు లభ్యం కాదు. అందులోని విషయాలను స్ట్రాబో మొదలైన గ్రీకు రచయితలు ఉటంకించారు. నగరపాలనకు అయిదుగురేసి సభ్యులున్న ఆరు సంఘాలు ఉండేవనీ, వాటిలో ఒకటి కేవలం పరదేశీయుల కోసమేననీ వాటివలన తెలుస్తోంది. ఆ సంఘం వారికి బస ఏర్పాటు చేస్తుంది, పరిచారకులను నియమిస్తుంది, ఆ పరిచారకుల ద్వారానే వారి నడవడిని కనిపెట్టి ఉంటుంది. రోగగ్రస్తులైతే చికిత్స చేయిస్తుంది. మరణిస్తే అంత్యక్రియలు జరిపి, వారి సొత్తును బంధువులకు పంపిస్తుంది. నిఘా పెట్టిన చేయీ, శుశ్రూష చేసిన చేయీ ఒక్కటే! కనిపెట్టి ఉండడమనే మన పలుకుబడిలో కాపలా, కాపుదల రెండూ ఇమిడి ఉన్నాయి కదా.

ఇక మన తెలుగుతీరానికి వద్దాం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు ప్రసిద్ధ రేవు. అక్కడి వీరభద్రస్వామి ఆలయం వద్ద కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకం 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయశాసనం ఉన్నది. ఓడలు తుఫానులో చిక్కి బద్దలై ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్నీ పూర్వరాజులు బలవంతంగా హరించేవారని ఆ శాసనం నిర్మొహమాటంగా ఒప్పుకుంటుంది. ప్రాణం కంటె ధనమే ఘనమని తలచి సముద్రయానానికి తెగించిన ఆ వణిజులకు, కీర్తి కోసం, ధర్మం కోసం, దయతో, నియతమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నామని ప్రకటిస్తుంది. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఇందులో వాణిజ్యలాభం లేదనలేం. కాని లాభాన్ని ఆశించిన రాజు సైతం అన్యాయార్జనను వదులుకుని, తన మాటను శిలపై చెక్కించి తనను తానే కట్టివేసుకున్నాడు. అటుపై శతాబ్దంలో, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో అటువంటి అభయాన్నే పునరుద్ఘాటించాడు.

ఈ పరంపరను కీర్తించి ఊరుకుంటే అది ఆత్మస్తుతి అవుతుంది. మన స్ఖలనాన్ని కూడా చెప్పుకోవాలి. 1962లో చైనా యుద్ధవేళ అస్సాం, ఉత్తర బెంగాల్ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని రైళ్ళలో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించి నిర్బంధించారు. వారిలో వృద్ధులున్నారు, పసివారున్నారు, ఈ నేలపై పుట్టి ఈ దేశపు పౌరులైనవారూ ఉన్నారు. కొందరికి ఆ నిర్బంధం సంవత్సరాల తరబడి సాగింది. తిరిగి వచ్చేసరికి పలువురి ఇళ్ళూ, దుకాణాలూ పరాధీనమయ్యాయి. శత్రువు సరిహద్దు దాటిన వేళ రాజ్యం భయపడడం తప్పు కాదు. సుగ్రీవుడూ భయపడ్డాడు. కాని ఈసారి సభలో మైందుడు లేడు, హనుమంతుడు లేడు. ఎవరు ఏమి చేశారని విచారించలేదు, ఎవరికి పుట్టారన్నదే చూశారు. విభీషణుని కూడా పుట్టుకను బట్టే తూచి ఉంటే రామాయణం మరొక విధంగా ముగిసేది.

మన రాజ్యాంగం ఈ వివేకాన్ని స్వీయభాషలో నిక్షిప్తం చేసింది. 19వ అధికరణంలోని స్వేచ్ఛలు పౌరులకే. ఈ దేశంలో సంచరించే, నివసించే హక్కును పరదేశి కోరజాలడు. పరదేశీయుని వెలుపలికి పంపే అధికారం ప్రభుత్వానికి పరిపూర్ణంగా ఉన్నదని సుప్రీంకోర్టు 1955లో ఒక జర్మన్ దేశీయుని వ్యాజ్యంలో స్పష్టం చేసింది. కాని 14వ, 21వ అధికరణాలలో ఉన్న మాట ‘పౌరుడు’ కాదు, ‘వ్యక్తి’. సమానరక్షణ, ప్రాణరక్షణ ఈ నేలపై నిలిచిన ప్రతి మనిషికీ వర్తిస్తాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని చాక్మా ప్రజలను బలవంతంగా వెళ్ళగొడతామని కొందరు బెదిరించినప్పుడు, పౌరుడైనా కాకున్నా ప్రతి వ్యక్తి ప్రాణాన్నీ కాపాడడం రాజ్యం విధి అనీ, చట్టప్రకారం తప్ప వారిని కదిలించరాదనీ 1996లో అదే న్యాయస్థానం ఆదేశించింది.

కనుక భద్రతా, మానవహక్కులూ ఒకదానిని తగ్గిస్తే మరొకటి పెరిగే తక్కెడ పళ్ళాలు కావు. వచ్చినవాడెవడో విచారించడం రాజు విధి. ముద్ర అడగడం, నడవడి గమనించడం, అపరాధిని దండించడం, అర్హత లేనివానిని మర్యాదగా సాగనంపడం, ఇవన్నీ ధర్మసమ్మతాలే. విచారణే లేకుండా పుట్టుకను బట్టి నేరం మోపడం మాత్రం అధర్మం. శంక విచారణకు దారి తీస్తే అది రక్షణ. విచారణను మింగివేస్తే అది కేవలం భయం. విచారణ చేసే ధైర్యం కోల్పోయిన రాజ్యం అమాయకునీ రక్షించలేదు, నిజమైన చారునీ పట్టుకోలేదు.

సాధకునికీ ఇందులో ఒక పాఠం ఉన్నది. సుగ్రీవుడూ హనుమంతుడూ మన అంతఃకరణంలోనే ఉన్నారు. మన ఊరికి పొట్టచేత పట్టుకుని వచ్చిన అపరిచితుని చూసినప్పుడు మొదట పలికేది సుగ్రీవుడే. అతనిని పలుకనివ్వాలి, కాని తీర్పును అతనికి అప్పగించరాదు. ఆ తీర్పు హృదయస్థుడైన రామునిది.

శ్రీరామార్పణమస్తు.