పాసు – మనియార్డరు

పొట్ట చేతపట్టుకొని సముద్రము దాటిన తెలుగు కూలీలు తమ చరిత్రను తాము వ్రాసికొనలేదు. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు. వారిని గూర్చిన కాగితములలో రెండు ముఖ్యమైనవి: ప్రభుత్వము వ్రాసి యిచ్చిన పాసు, వారు ఇంటికి పంపిన మనియార్డరు. చరిత్ర వ్రాయువారు తరచు మొదటిదానినే ప్రమాణముగా గైకొందురు. రెండవదానికే ఎక్కువ విలువ యీయవలెనని నా మనవి.

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మదరాసునుండి ఒప్పందపు కూలీలతో డర్బను రేవు చేరెను. నేటాలుకు ఈ కూలీల ఎగుమతి 1911 వరకు సాగెను. కూలి పాసులో పేరు, తండ్రి పేరు, కులము, వయసు, ఊరు, ఒంటిమీది గుర్తులు వ్రాసెడివారు. గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసెను. ఇల్లు విడిచి పారిపోయినవాడు పేరు మార్చి చెప్పెను. మేజిస్ట్రేటు ఎదుట ఏమి పలుకవలెనో దళారి ముందే నేర్పెను. డిపోలో పరిచయమైన స్త్రీపురుషులు పాసులో ఆలుమగలైరి. పూర్వుల ఊరు వెదకుచు వచ్చు నేటి వారసులు ఆ పాసు పట్టుకొని తికమకపడుటలో వింత లేదు.

రంగం కథ వేరు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలోని భాగమే. కనుక కాకినాడలోనో, విశాఖలోనో, కళింగపట్నములోనో స్టీమరెక్కిన కూలికి పాస్‌పోర్టుతో పని లేకుండెను. మేస్త్రీ యిచ్చిన బయానాయే అతనిని కట్టివేసిన పత్రము. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనములో సగమునకు మించి భారతీయులే. రేవులో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిన తెలుగువారు మిగిల్చిన రూపాయలు మనియార్డరుగా ఇల్లు చేరెడివి. అప్పు తీరుట, చెల్లెలి పెండ్లి, ఎకరము పొలము దానిమీదనే ఆధారపడెను. పాసులో ఊరు తప్పు చెప్పినవాడు నష్టపడడు. మనియార్డరులో తప్పు వ్రాయించినవాని యింట పొయ్యి వెలుగదు. అందుచేతనే అందలి చిరునామా నిజము. కూపనుమీద ఎవరిచేతనో వ్రాయించిన రెండు ముక్కలు, రసీదుపై ఇల్లాలి వేలిముద్ర: ఆ దంపతుల ఉత్తరప్రత్యుత్తరము అదియే.

సరిహద్దు గీసిన పిమ్మట పత్రము వచ్చెను. 1941 జూనులో కుదిరిన ఇండో–బర్మా ఒప్పందము పాస్‌పోర్టు, వీసా, అనుమతిచీటీ కావలెననెను. యుద్ధముచే అది అమలు కాలేదు. ఆ డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, లక్షలాది జనులు అరకాను, మణిపురముల త్రోవల నడచి వచ్చిరి. వారి కాళ్ళను ఏ పత్రమును ఆపలేదు. 1948లో బర్మా స్వతంత్రమైన పిదప, అక్కడనే పుట్టి పెరిగినవారు సైతము తామెవరో కాగితముతో రుజువు చేసికొనవలసి వచ్చెను. ఇంటికి సొమ్ము పంపుటకును ఆంక్షలు వచ్చెను. రాజమార్గము ఇరుకైనచో దొడ్డిదారి వెడల్పగును. దొంగపత్రమునకును, చాటు హుండీకిని గిరాకి పుట్టునది అప్పుడే. 1964లో దుకాణములు జాతీయమై, 50, 100 చాట్ల నోట్లు రద్దుకాగా, వేలకొలది కుటుంబములు రిక్తహస్తములతో తిరిగివచ్చెను. విశాఖలోని బర్మాక్యాంపు ఆ పేరును నేటికిని మోయుచున్నది.

గల్ఫు దేశములకు పోవు కోనసీమ, కరీంనగరు, నిజామాబాదు వారి విషయములోను ఇదే కథ. 1983 వలసల చట్టపు అనుమతిని తప్పించి సందర్శన వీసాపై పనివారిని దాటించు దళారి, డిపో దళారికి వారసుడే. మోసపోయినవాడే శిక్ష అనుభవించుట కూడ మారలేదు. మారినదొక్కటే: నేటి బ్యాంకు పద్దులో కూపను లేదు. రంగం కూపనులు ఎవరి పాత పెట్టెలలోనైన మిగిలియున్నచో, చెదలు తినకమునుపే వానిని చదివి భద్రపరచుట తెలుగు రచయితల విధి.