జిగర్‌కు కరెంటు: నిశానా కుదరడానికి వందేళ్లు

మన ఇళ్లల్ల పిల్లల్ని ‘జిగర్ కా టుక్డా’ అంటం. యునానీ హకీములు దిల్, దిమాగ్‌ల సరసన జిగర్‌నీ ఒంటిని ఏలే అవయవాల్లో లెక్కగట్టిండ్రు. అసుంటి జిగర్‌ల క్యాన్సర్ గడ్డ పుడితే షుఆయీ ఇలాజ్, అంటే మన తిరుమలగిరి దిక్కు జనం చెప్పుకునే ‘కరెంటు పెట్టుడు’, శానా ఏండ్లు దాని జోలికే పోలేదు. ఎందుకు?

1895ల రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టిండు. 1898ల క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టిండ్రు. ఆ ఇల్మ్ మన దాకా రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1955ల మెహదీ నవాజ్ జంగ్ హైదరాబాద్‌ల రేడియం, క్యాన్సర్ దవాఖానా నెలకొల్పిండు. తర్వాత ఆయనే గుజరాత్‌కు తొలి గవర్నర్ అయిండు. ఇయ్యాల రెడ్‌హిల్స్‌ల గరీబులకు ఆస్రా అయిన ఎంఎన్‌జే సర్కారీ దవాఖానా అదే.

గర్భసంచి, గొంతు గడ్డలకు కరెంటు పనిచేసింది. జిగర్ దగ్గర రెండు ముష్కిళ్లు. మోతాదును ‘గ్రే’లల్ల కొలుస్తరు. మొత్తం జిగర్‌కు 30 గ్రేలు దాటితే మంచి జిగరే చెడే ఖత్రా. గడ్డ చావాల్నంటే అంతకు మించి కావాలె. పైగా ఊపిరి తీసినప్పుడల్లా జిగర్ కదుల్తది, నిశానా నిలువది.

రెండు రాస్తాలు దొరికినయి. మొదటిది బయటి నుంచి: స్టాక్‌హోమ్‌ల కరోలిన్‌స్కా దవాఖానాల లాక్స్, బ్లామ్‌గ్రెన్‌లు ఒంటిని చట్రంల కదలకుండ పెట్టి, అన్ని దిక్కుల నుంచి కిరణాలు గడ్డ మీదనే కలిసేటట్టు చేసిండ్రు. 1995ల ఆ ఫలితాలు అచ్చయినయి.

రెండోది లోపటి నుంచి: మంచి జిగర్‌కు ఎక్కువ ఖూన్ పేగుల దిక్కు నుంచి వచ్చే సిరతోని అందుతది, గడ్డ మాత్రం ధమని నుంచే తాగుతది. అందుకే సన్నటి గొట్టంతోని ఆ ధమనిలకే ఇట్రియం-90 పూసలు పంపుతరు. వాటి కిరణాలు సగటున రెండున్నర మిల్లీమీటర్లే పోతయి. 64 గంటలకు తాకత్ సగమైతది. 1999ల అమెరికా సర్కారు గాజు పూసలకు ఇజాజత్ ఇచ్చింది. ఆపరేషన్‌కు వీలుకాని, జిగర్‌ల పిత్తనాళాల్లో పుట్టే అరుదైన గడ్డలకు సైతం ఇయ్యాల ఈ రెండు రాస్తాలు వాడుతున్నరు.

ఇది అందరికీ పనికొచ్చే ఇలాజ్ కాదు. కానీ ‘కరెంటు అంటే ఆఖరి మంజిల్’ అన్న ఖౌఫ్‌తోని మరీజ్‌ను ఇంటికి మళ్లించుకపోవద్దు. డాక్టర్‌ను మూడు సవాళ్లు అడుగుండ్రి: ఆపరేషన్ అయితదా? మంచి జిగర్ ఎంత మిగిలింది? గడ్డ ఇంకెక్కడికన్న పాకిందా? ఏ రాస్తా పనికొస్తదో ఆ జవాబులతోనే తెలుస్తది.