రూట్ కెనాల్‌లో ఫైల్ ముక్క విరిగితే తీయాలా, వదిలేయాలా?

ఎప్పుడో రూట్ కెనాల్ చేయించిన పన్ను మళ్లీ సలుపుతోందని వెళ్తే, డాక్టర్ ఎక్స్‌రే చూసి "వేరులో ముక్క ఉంది" అంటారు. ఒక్కోసారి రీట్రీట్‌మెంట్ చేస్తుండగానే విరుగుతుంది. ఇంట్లోవాళ్లు వెంటనే పన్ను పీకించేద్దాం అంటారు. అంత తొందర అక్కర్లేదు.

ఆ ముక్క ఫైల్ అనే పనిముట్టుది. సన్నటి సూదిలా ఉంటుంది. స్టీలుతో గానీ, నికెల్-టైటానియంతో గానీ చేస్తారు. వంకర వేర్లున్న దవడ పళ్లలో తిరిగి తిరిగి అది బలహీనపడుతుంది. నికెల్-టైటానియం ఫైల్ అయితే పైకి ఏమీ తెలియకుండానే పుటుక్కున తెగొచ్చు. అనుభవం ఉన్న డాక్టర్ చేతిలో కూడా జరుగుతుంది.

అసలు ఇబ్బంది లోహంతో కాదు, క్రిములతో. ముక్క దారికి అడ్డం పడితే దాని అవతల భాగం శుభ్రం కాదు. మెల్‌బోర్న్ పరిశోధకుల 2005 నాటి అధ్యయనంలో ముక్క ఉండిపోయిన పళ్లలో 91.8 శాతం, లేనివాటిలో 94.5 శాతం మానాయి. వేరు కొన దగ్గర ముందే ఇన్‌ఫెక్షన్ ఉన్నవాటిలో మాత్రం ఇది 86.7, 92.9 శాతం. పైగా అవి స్పెషలిస్టులు చేసిన కేసులు. రీట్రీట్‌మెంట్‌కు వచ్చే పళ్లలో చాలావాటికి ఇన్‌ఫెక్షన్ ఉంటుంది కాబట్టి రెండో లెక్కే చూసుకోవాలి.

ముక్క పైభాగంలో, తిన్నగా ఉన్న చోట కనబడితే మైక్రోస్కోప్ కింద సన్నటి అల్ట్రాసోనిక్ కొనతో చుట్టూ కదిలించి తీస్తారు. ఎగిరి పక్క కాలువలో పడకుండా మిగతావాటిని దూదితో మూస్తారు. వంపు దాటి లోపలికి పోతే కష్టం. దానికోసం తవ్వితే వేరు పలచబడుతుంది, చిల్లు పడొచ్చు, తర్వాత పగలొచ్చు. అప్పుడు పక్కనుంచి సన్న ఫైల్ పోనిచ్చి శుభ్రం చేయడానికి చూస్తారు. అదీ కుదరకపోతే అక్కడిదాకా నింపి, కొన్ని నెలలకోసారి ఎక్స్‌రేతో గమనిస్తారు. అయినా చీము తగ్గకపోతే చిగురు తెరిచి వేరు కొనను 3 మిల్లీమీటర్ల మేర కోసి, అటువైపు నుంచి మూసే సర్జరీ ఉంది. పీకడం ఆఖరి మాట.

ముక్క విరిగితే మీకు చెప్పడం డాక్టర్ బాధ్యత. ఎక్కడ విరిగింది, అప్పటికి ఎంత శుభ్రమైంది అని అడిగి, చీటీలో రాయించుకోండి. ఎక్స్‌రే కాపీ తీసుకోండి. వేరే ఊళ్లో ఎండోడాంటిస్ట్‌కు చూపించాల్సి వస్తే అదే పనికొస్తుంది. క్యాప్ వేయించే ముందే ఈ సంగతి తేల్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

రంజాన్‌లో రోజా ఉన్నవాళ్లు నీళ్లు గొంతులోకి పోతాయన్న భయం ఉంటే ఇఫ్తార్ తర్వాత టైమ్ అడగొచ్చు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఈద్ దాకా ఆగకండి, అదే రోజు వెళ్లండి.