తలకింత అని మాట్లాడుకున్న ఓడ

ఇన్సెంటివుల మాటొస్తే చాలు, మన ఆఫీసుల్లో ఎవరో ఒకరు ఖైదీల ఓడల కథ ఎత్తుకుంటారు. బతికి దిగినవాళ్ళకే డబ్బులిస్తామనగానే చావులు ఆగిపోయాయట! నాకైతే ఇది సగం కథే అనిపిస్తుంది.

నెప్ట్యూన్ అనేది సరుకులు మోసే తెరచాప ఓడ. 1790 జనవరిలో సుమారు 500 మంది ఖైదీలతో ఇంగ్లండు నుంచి సిడ్నీకి బయల్దేరింది. కాంట్రాక్టు బానిసల వ్యాపారం చేసిన కామ్డెన్, కాల్వర్ట్ అండ్ కింగ్ వాళ్ళది. ఎక్కించిన ఒక్కో తలకీ 17 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్నీలు. దిగేటప్పుడు ప్రాణం ఉందా లేదా అన్నది లెక్కలోనే లేదు. ఖైదీలను ఇద్దరిద్దరిని కలిపి గొలుసులతో కట్టారు. పక్కవాడు చచ్చిపోతే, వాడి వంతు తిండి కోసం ఆ సంగతి వీలైనంత ఆలస్యంగా చెప్పేవాళ్ళమని ఒక ఖైదీ ఇంటికి ఉత్తరం రాశాడు. జూన్ ఆఖరుకి చేరేసరికి 158 మంది పోయారు. కెప్టెన్ ట్రెయిల్ మీద 1792లో హత్య కేసు నడిచింది, కొట్టేశారు. 

తర్వాత క్షేమంగా దింపితే అదనపు సొమ్ము అన్నారు. మరి 1799లో చేరిన హిల్స్‌బరో? అదే షరతు, 300 మందిలో 95 మంది పోయారు. జైలు జ్వరానికి బోనస్ సంగతి తెలీదు కదా :)

అసలు మార్పు సర్జన్ విలియం రెడ్‌ఫర్న్ 1814లో రిపోర్టు ఇచ్చాక వచ్చింది. 1815 నుంచి ఖైదీల ఓడల్లో నౌకాదళ డాక్టర్లను పెట్టారు. వాళ్ళు ఓడ యజమాని మనుషులు కారు. చావులు నూటికి ఒకటి దరిదాపులకి దిగాయి. అన్నట్టు, ఆ రెడ్‌ఫర్న్ కూడా 1797 నోర్ తిరుగుబాటు కేసులో ఉరి తప్పించుకుని, ఖైదీగా ఓడెక్కి వచ్చినవాడే.