పక్కన కూర్చున్నవాడు

మా సోమందేపల్లి భజనలో మామ ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించాడు. పాడినవాళ్ల పేర్లు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మాత్రం అందరికీ ‘పెట్టె మామ’. “నీ పేరెవరూ చెప్పరేం మామా?” అని ఒకసారి అడిగితే, “నాదేముందప్పా, పాట నిలబడిందా లేదా?” అన్నాడు. చాలా కాలం అది వినయమే అనుకున్నాను. మెనహెం ప్రెస్లర్ గురించి చదివాక, అదొక పనితనమని తోచింది.

ప్రెస్లర్ 1923లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1938 నవంబరులో నాజీ మూకలు వాళ్ల బట్టల దుకాణాన్ని ధ్వంసం చేశాయి. మరుసటి ఏడు తల్లిదండ్రులతో ఇటలీ మీదుగా పాలస్తీనా చేరాడు. వెనక ఉండిపోయిన బంధువులు చాలామంది నాజీల చేతుల్లో చనిపోయారు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబ్యుస్సీ పోటీ గెలిచాడు. ఇక ఒంటరిగా వేదికలెక్కే దారి తెరుచుకున్నట్టే.

కానీ 1955లో డేనియల్ గిలే వయొలిన్‌తో, బెర్నార్డ్ గ్రీన్‌హౌస్ చెల్లోతో కలిసి అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో ‘బోజార్ ట్రయో’గా వాయించాడు. ఇక అదే ఆయన జీవితమైంది.

ఛేంబర్ సంగీతమంటే కొద్దిమంది వాయించేది. ముందు నిలబడి నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరినొకరు వింటూ నడవాలి. ఇక్కడ పియానోకి ఒక చిక్కుంది. సుత్తి తీగను తాకిన క్షణం నుంచే స్వరం తగ్గిపోతూ ఉంటుంది. వయొలిన్ కమాను దాన్ని సాగదీయగలదు, పెంచగలదు. పైగా పియానోది పెద్ద గొంతు. తలుచుకుంటే మిగతా ఇద్దర్నీ ముంచేస్తుంది. ముంచకుండా నిలబెట్టడమే ట్రయో పియానిస్టు పని. ఆ పని ప్రెస్లర్ 2008 దాకా, 53 ఏళ్లు చేశాడు. ఐదుగురు వయొలినిస్టులు, ముగ్గురు చెల్లిస్టులు మారారు. పియానో దగ్గర మాత్రం ఆయనే. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ, తెలిసిన హైడెన్‌నే మళ్లీ మొదట్నుంచి వినాల్సిందే.

మనం ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని తలుచుకుంటే మొదట చెప్పేది, పక్కవాద్యమైన వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చారనే. 1938లో వేలూరులో ఆయన చేసిన సోలో కచేరీ చిన్న విషయం కాదు. అయితే పక్కనుంచి మధ్యకు రావడమే ఎదుగుదల అనే లెక్క కూడా మనకు దాంతోపాటే అలవాటైంది. ప్రెస్లర్ నడక దీనికి ఎదురు. మధ్యలో చోటు దొరికీ, పక్కనుండి వినడాన్నే ఎంచుకున్నాడు. ట్రయో ముగిశాక, 2014లో, 90 ఏళ్ల వయసులో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో సోలో వాయించాడు. 2023లో పోయాడు.

మామ పోయాక మా భజనలోకి ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. శ్రుతి బాగానే ఉంది, తాళం కూడా అదే వేస్తుంది. పాడేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే మాత్రం, అది ఆగదు.